రొట్టె చిన్నబుచ్చుకోకుండా కప్పే గుడ్డ

(నరసాపురం దగ్గర లేసు అల్లికలు, ఎంబ్రాయిడరీ చేసే మహిళల సమావేశంలో ఒక రిటైర్డ్ కుట్టు టీచరు చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగు విని రాశాం.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్ళకి వినపడుతోందా అమ్మా? ఆ చివరి ఫ్యాను ఆపేస్తే ఇంకా బాగా వినపడుతుందేమో. ఆ, ఇప్పుడు సరిపోయింది.

ముందు ఈ గుడ్డ చూడండి. మూరెడు పొడవుంటుంది, వెడల్పు మూరకి కాస్త తక్కువ. తెల్లటి కాటన్ బట్ట. నాలుగు వైపులా అంచుకి నీలం దారంతో బటన్‌హోల్ కుట్టు. మధ్యలో ఏవో అక్షరాలు. అక్షరాల చుట్టూ ద్రాక్ష గుత్తులు, దానిమ్మకాయలు, గోధుమ కంకులు. ఊదారంగు ఒకటి కాదు, మూడు రకాల ఊదారంగు ఉంది ఈ ద్రాక్షల్లో. దానిమ్మకాయకి ఎరుపు, నెత్తిన ఉండే ఆ చిన్న కిరీటానికి పసుపు. రంగులు కళ్ళకి కొడుతున్నట్టుంటాయి కదూ?

ఇది దేనికి పనికొస్తుందో చెప్పండి చూద్దాం. ట్రే క్లాత్ అంటున్నారు. ఆ, టీవీ మీద వేసేది. దిండు గలీబు కాదమ్మా, ఒకే పొర. సరే, మీరు అనుకున్నట్టే నేనూ అనుకున్నాను. 2011లో మేం కొచ్చి వెళ్ళినప్పుడు కొన్నాను దీన్ని. ఇంటికి తెచ్చి ఫ్రిజ్ మీద పరిచాను. రెండేళ్ళు అక్కడే ఉంది. దీని మీద మందుల డబ్బా, కరెంటు బిల్లులు, తాళం చెవులు. ఆ తర్వాత ఇది ఏమిటో తెలిసింది. తెలిసిన రోజే తీసి, ఉతికి, ఇస్త్రీ చేసి బీరువాలో పెట్టాను. మనసుకి చాలా కష్టంగా అనిపించింది. ఒకళ్ళు పూజకి కుట్టిన గుడ్డని నేను దేనికి వాడాను?

ఇది రొట్టె మీద కప్పే గుడ్డ. యూదుల ఇళ్ళల్లో శుక్రవారం రాత్రి భోజనం దగ్గర వాడతారు. దీన్ని అమ్మిన దుకాణం సారా కోహెన్ గారిది. ఈ రోజు మీకు చెప్పదలుచుకున్నది ఆవిడ గురించి, ఆవిడ చేసిన పని గురించి. కానీ ముందు ఈ గుడ్డ సంగతి చెప్పకపోతే ఆవిడ సంగతి అర్థం కాదు. అందుకని గుడ్డ దగ్గరే మొదలుపెడతాను.

మీలో చాలామంది ఆదివారం చర్చికి వెళ్ళేవాళ్ళే. బైబిల్లో విశ్రాంతి దినం అని చదివుంటారు. యూదులకి అది శనివారం. అయితే వాళ్ళ రోజు సూర్యాస్తమయంతో మొదలవుతుంది. కాబట్టి శుక్రవారం సాయంత్రం పొద్దు వాలకముందే ఇల్లాలు దీపాలు వెలిగిస్తుంది. వెలిగించి, రెండు చేతులతో కళ్ళు మూసుకుని ప్రార్థన చెబుతుంది. ఆ తర్వాత అందరూ భోజనానికి కూర్చుంటారు. బల్ల మీద ద్రాక్షరసం గిన్నె ఉంటుంది. రెండు రొట్టెలు ఉంటాయి. ఆ రొట్టెని హల్లా అంటారు, చాలాచోట్ల జడ అల్లినట్టు అల్లి కాలుస్తారు.

రెండే ఎందుకు? మన్నా కథ గుర్తుందా? ఎడారిలో రోజూ ఆకాశం నుంచి ఆహారం పడేది. విశ్రాంతి దినాన పడదు కాబట్టి ముందు రోజు రెండింతలు పడేది. ఆ రెండింతలకి గుర్తు ఈ రెండు రొట్టెలు. ఆ మన్నా కింద ఒక పొర మంచు, పైన ఒక పొర మంచు ఉండేదట. అందుకని రొట్టె కింద బల్లగుడ్డ, పైన ఈ గుడ్డ. ఇది ఒక కారణం.

ఇంకో కారణం చెబుతారు, నాకు అదే ఎక్కువ ఇష్టం. వాళ్ళ నియమం ప్రకారం మామూలు రోజుల్లో రొట్టెకే మొదటి మర్యాద. భోజనం అంటేనే రొట్టె, ముందు దానికే ఆశీర్వాదం చెప్పాలి. కానీ శుక్రవారం రాత్రి మాత్రం ముందు ద్రాక్షరసం మీద ప్రార్థన చెబుతారు. మరి రొట్టె అక్కడే, ఎదురుగా ఉంది. ఎప్పుడూ దానికి దక్కే మొదటి మర్యాద ఇవాళ ఇంకొకరికి దక్కుతోంది. పెద్దల్లుడు విస్తరి ముందు కూర్చుని ఉండగా, ఆయన్ని దాటేసి చిన్నల్లుడికి వడ్డిస్తే పెద్దల్లుడు చిన్నబుచ్చుకోడూ? మన ఇళ్ళల్లో అయితే పెద్ద గొడవే అవుతుంది. అలా రొట్టె చిన్నబుచ్చుకోకూడదని దాన్ని గుడ్డతో కప్పుతారు. ద్రాక్షరసం వంతు అయ్యాక గుడ్డ తీసి, దాని మర్యాద దానికి చేస్తారు.

నోరూ వాయీ లేని రొట్టె అమ్మా. దానికి అవమానం ఏమిటి అనుకోవచ్చు. కానీ ఆలోచించండి, ప్రతి వారం రొట్టె మనసు కష్టపెట్టకుండా చూసుకునే ఇంట్లో పెరిగిన పిల్లవాడు, మనిషి మనసు కష్టపెట్టడానికి ఎంత వెనకాడతాడు? ఈ మాట వాళ్ళ పెద్దలు కూడా చెబుతుంటారు. ఈ గుడ్డ మీద ఇన్ని రంగులు ఎందుకు పోశారో నాకు అప్పుడు తెలిసింది. మర్యాద కోసం వేసే గుడ్డ పాతగుడ్డ కాకూడదు కదా.

ఇప్పుడు సారా గారి దగ్గరికి వస్తాను.

కొచ్చిలో మట్టాంచేరి అని ఒక పేట ఉంది. అక్కడ జ్యూ టౌన్ అనే వీధి. సన్నటి వీధి, రెండు వైపులా పాత ఇళ్ళు, కింద దుకాణాలు. తరతరాలుగా మిరియాల వ్యాపారం జరిగిన చోటు. శొంఠి, యాలకులు, లవంగాల వాసన ఇప్పటికీ వస్తుంది. వీధి చివర యూదుల సమాజమందిరం ఉంటుంది, పరదేశి సినగాగ్ అంటారు. 1568లో కట్టారు. పక్కనే కొచ్చి రాజుగారి పాత కోట, గుడి. రాజుగారే స్థలం ఇచ్చారు. లోపల నేలంతా నీలం, తెలుపు పలకలు. చైనా నుంచి వచ్చినవి, చేత్తో బొమ్మలు వేసినవి. ఒకటి ఉన్నట్టు ఇంకొకటి ఉండదంటారు. చెప్పులు వదిలి లోపలికి వెళ్ళాలి. ఆ చల్లటి పలకల మీద వట్టి కాళ్ళతో నడుస్తుంటే, నాకైతే ప్రతి పలకా వంగి చూడాలనిపించింది. మావారు బస్సు టైమైపోతోందని కంగారు పడుతున్నారు, నేనేమో నేల చూస్తూ నిలబడ్డాను.

కేరళలో యూదులు వెయ్యేళ్ళకి తక్కువ లేకుండా ఉన్నారు. భాస్కర రవివర్మ అనే రాజు జోసెఫ్ రబ్బాన్ అనే యూదు పెద్దకి హక్కులు ఇస్తూ రాయించిన రాగి రేకులు ఉన్నాయి, అవి సుమారు క్రీస్తు శకం 1000 నాటివి. వాళ్ళ ఆడవాళ్ళు పండగలకి, పెళ్ళిళ్ళకి మలయాళంలో పాటలు పాడుకునేవారు. నోటు పుస్తకాల్లో చేత్తో రాసుకుని, తల్లి నుంచి కూతురికి అందించుకున్నారు. మన పెళ్ళిపాటలు, మంగళహారతులు రాసుకున్న పాత పుస్తకాలు ఇంట్లో ఉంటాయే, అచ్చం అలాగే. ప్రార్థన హీబ్రూలో, పాట మలయాళంలో.

1948లో ఇజ్రాయెల్ దేశం ఏర్పడే నాటికి కేరళలో యూదులు 2,000 మందికి పైగానే ఉన్నారు. తర్వాత కొన్నేళ్ళలో దాదాపు అందరూ వెళ్ళిపోయారు. ఇక్కడ వాళ్ళని ఎవరూ తరమలేదు. అది గట్టిగా చెప్పాలి. తమ దేశం అనుకున్న చోటికి ఇష్టపడి వెళ్ళారు. 1968లో ఆ సమాజమందిరానికి 400 ఏళ్ళు నిండితే ఇందిరాగాంధీ వచ్చారు, తపాలా బిళ్ళ కూడా వేశారు. కానీ అప్పటికే వీధిలో ఇళ్ళు ఒక్కొక్కటిగా ఖాళీ అవుతున్నాయి.

సారా కోహెన్ ఉండిపోయినవాళ్ళలో ఒకరు. మన తెలుగు బైబిల్లో అబ్రాహాము భార్య శారా ఉంది చూడండి, ఆ పేరే ఈవిడదీ. కోహెన్ అంటే యాజకుడు, అహరోను వంశం. భర్త పేరు జాకబ్ కోహెన్. వాళ్ళకి పిల్లలు లేరు. సినగాగ్‌కి వెళ్ళే ఆ వీధిలోనే ఇల్లు, ఇంటి ముందు భాగంలో దుకాణం. సారాస్ హ్యాండ్ ఎంబ్రాయిడరీ అని బోర్డు. అక్కడ ఏం దొరికేవి? ఇలాంటి రొట్టె గుడ్డలు, మగవాళ్ళు తలకి పెట్టుకునే చిన్న టోపీలు, బల్లగుడ్డలు, దిండు గలీబులు. అన్నీ రంగురంగుల కుట్టుపని.

నేను వెళ్ళిన రోజు ఆవిడ కిటికీ దగ్గర కూర్చుని ఉన్నారు. అప్పటికే తొంభైకి దగ్గర పడ్డ మనిషి. వీధిలో వెళ్ళేవాళ్ళు ఆగి నమస్కారం పెడుతున్నారు. నేనూ పెట్టాను. అంతే. మాట్లాడదామనుకున్నాను, భాష రాక ఊరుకున్నాను. ఇప్పటికీ ఆ బెంగ ఉంది నాకు. పని చేతిలో పట్టుకుని చూపిస్తే చాలు కదా, కుట్టుపని చేసేవాళ్ళకి భాష ఎందుకు? అప్పుడు తోచలేదు.

ఆ టోపీ సంగతి చెబుతాను. దాన్ని కిప్పా అంటారు. దేవుడు మన పైన ఉన్నాడని గుర్తుగా నడినెత్తిన పెట్టుకుంటారు. అరచేయంత ఉంటుంది, కొన్ని కాస్త పెద్దవి. నాలుగు ముక్కలో ఆరు ముక్కలో కోసి, తామర రేకుల్లా పైన కొసలు కలిపి కుడతారు. రేకు కొసలన్నీ ఒకచోట కలిసే దగ్గర ఉంది అసలు కష్టం. మీరు ముక్కల లంగా కుట్టినప్పుడు నడుము దగ్గర కుదర్చడానికి ఎంత అవస్థ? ఇక్కడ ఆరు కొసలు ఒక చుక్క దగ్గర కలవాలి, బొడిపె రాకూడదు, తల మీద గుచ్చుకోకూడదు. ముందు కుట్టుపువ్వు వేసి తర్వాత ముక్కలు కలపాలా, ముక్కలు కలిపి తర్వాత పువ్వు వేయాలా? చదునుగా ఉన్నప్పుడు వేస్తేనే దారం లాగకుండా వస్తుంది. అందుకని కొలత తప్పకుండా ముందే వేసుకోవాలి, కలిపినప్పుడు తీగ కలవాలి. బ్లౌజు చేతికి బోర్డరు కలిపినంత తేలిక కాదు.

పస్కా పండగకి ఇంకో గుడ్డ ఉంటుంది. పస్కా మీకు తెలుసు, పులియని రొట్టెల పండగ. ఆ రోజు మూడు రొట్టెలు పెడతారు. దానికి మూడు అరలున్న సంచి కుడతారు, ఒక అరలో ఒక రొట్టె. మూడు రొట్టెలు ఎవరెవరికి గుర్తు అంటే కోహెను, లేవీయుడు, మిగతా ఇశ్రాయేలు జనం అని చెబుతారు. ఆ మొదటి అర పేరే సారా గారి ఇంటిపేరు.

ఇక్కడ ఒక పక్కమాట. జర్మనీ యూదుల్లో ఒక ఆచారం ఉండేది. మగపిల్లవాడికి ఎనిమిదో రోజున సున్నతి చేస్తారు. అప్పుడు బిడ్డ కింద వేసిన గుడ్డని పారేసేవారు కాదు. ఉతికి, నాలుగు పొడుగు పట్టీలుగా చింపి, చివరలు కలిపి ఒకే పట్టీగా కుట్టేవారు. మూడు మీటర్ల దాకా వచ్చేది. దాని మీద తల్లో, అమ్మమ్మో పిల్లవాడి పేరు, పుట్టిన తేదీ, ఒక దీవెన ఎంబ్రాయిడరీ చేసేవారు. ఏమని దీవెన? ధర్మశాస్త్రం చదువుకోవాలి, పెళ్ళిపందిట్లోకి రావాలి, మంచి పనులు చేయాలి అని. అక్షరాల మధ్యలో పువ్వులు, పక్షులు, పెళ్ళిపందిరి బొమ్మ. పిల్లవాడు కాస్త పెరిగాక ఆ పట్టీని సమాజమందిరానికి ఇస్తే, ధర్మశాస్త్రం చేత్తో రాసిన తోలు చుట్టకి కట్టేవారు. పొత్తిళ్ళ గుడ్డ పవిత్ర గ్రంథానికి నడికట్టు అయింది. చాలా దేశాల్లో ఆడవాళ్ళు తమ పెళ్ళి బట్టలు కూడా, ఆ చుట్టలు దాచే మందసం ముందు వేసే తెరలుగా కుట్టి ఇచ్చారు. ఇలా వాళ్ళ మందిరాల్లో ఆడవాళ్ళ చేతిపని ఎక్కడ చూసినా కనిపిస్తుంది. మన కొచ్చిలో మాత్రం చుట్టని నిలువుగా చెక్క పెట్టెలో పెట్టి, పైన వెండి, బంగారు రేకు తొడుగుతారు. గుడ్డ తక్కువ, లోహం ఎక్కువ. అయినా పండగలకి పట్టు బట్టలతో అలంకరించేవారు.

ఇంతకీ మామూలు గుడ్డ వేస్తే సరిపోదా? రొట్టె కప్పడానికి తెల్ల తువ్వాలు చాలదా? చాలుతుంది. నియమం తీరిపోతుంది. కానీ వాళ్ళలో ఒక మాట ఉంది, హిద్దూర్ మిత్స్వా అని. చేయాల్సిన ధర్మకార్యాన్ని అందంగా చేయడం అని దాని అర్థం. ఇశ్రాయేలీయులు ఎర్రసముద్రం దాటాక పాడిన పాటలో ‘ఈయన నా దేవుడు, ఆయనను వర్ణిస్తాను’ అన్న మాట వస్తుంది. ఆ హీబ్రూ మాటకి అలంకరిస్తాను అనే అర్థం కూడా చెబుతారు. మనిషి దేవుణ్ణి ఎలా అలంకరించగలడు అని పెద్దలు ప్రశ్న వేసుకున్నారు. ఆయన చెప్పిన పనులు చేసే వస్తువుల్ని అందంగా చేస్తే అదే అలంకారం అని జవాబు చెప్పుకున్నారు. మన దగ్గర వరలక్ష్మీ వ్రతానికి కలశం చెంబు ఒక్కటి పెట్టినా వ్రతం వ్రతమే. కానీ ఎవరైనా అలా పెడతారా? చీర కడతాం, నగ పెడతాం, జడ వేస్తాం. ఆ మనసే ఇక్కడా.

బైబిల్లో నిర్గమకాండం తిరగేసి చూడండి. ఎడారిలో దేవుడి ఆరాధనకి గుడారం కట్టిన సంగతి అందులో ఉంటుంది. ఎన్ని అధ్యాయాలు కుట్టుపనికి, నేతపనికి ఇచ్చారో! నీల ధూమ్ర రక్త వర్ణాల నూలు. యాజకుడి నిలువుటంగీ అంచుకి దానిమ్మకాయలు, వాటి మధ్య బంగారు గంటలు. ఈ గుడ్డ మీద దానిమ్మ ఎక్కడి నుంచి వచ్చిందో తెలిసిందా? ఆ అంగీ అంచు మీద నుంచి వచ్చింది. బెసలేలు, అహోలీయాబు అని ఇద్దరు పనివాళ్ళ పేర్లు ఉంటాయి. అహోలీయాబు బుటాపని చేసేవాడు. బుటాపని అంటే మన ఎంబ్రాయిడరీయే. ఆడవాళ్ళు తమ చేతులతో నూలు వడికి తెచ్చారని కూడా రాసి ఉంది. రాజుల పేర్లు, యుద్ధాల పేర్లు రాసే పుస్తకంలో కుట్టుపని చేసేవాడి పేరు పెట్టి రాశారు. అది చదివినప్పుడు నాకు ఒళ్ళు పులకరించింది.

ఇక ఇది వినండి. ఇది మీకు తప్పకుండా చెప్పాలనుకున్నాను. గుడారం పనికి బెసలేలుని, అహోలీయాబుని పిలిచిన మాట ముగిసిన వెంటనే, అదే అధ్యాయంలో, విశ్రాంతి దినం పాటించమని ఆజ్ఞ వస్తుంది. నా గుడారం కట్టండి, కానీ ఏడో రోజు అది కూడా ఆపండి. దాని నుంచి వాళ్ళ పెద్దలు విశ్రాంతి దినాన చేయకూడని పనుల జాబితా తీశారు. గుడారం కట్టడానికి ఏ ఏ పనులు అవసరమో అవే ఆ రోజు చేయకూడదు. మొత్తం 39. అందులో మన పనులు ఎన్నున్నాయో చూడండి. ఉన్ని కత్తిరించడం, ఉతకడం, రంగు వేయడం, వడకడం, నేయడం, ముడి వేయడం, ముడి విప్పడం, రెండు కుట్లు కుట్టడం. రెండు కుట్లు! అంత కచ్చితంగా చెప్పారు. రెండు కుట్లు వేస్తే దారం నిలుస్తుంది, అది పని కింద లెక్క. రెండు వేయకూడదు.

అంటే ఈ గుడ్డ ఎలాంటిదో చూడండి. వేల కుట్లు ఉన్నాయి దీంట్లో. ఈ వేల కుట్లూ ఆరు రోజుల్లో వేసినవి. ఏ రోజు కోసం? రెండు కుట్లు కూడా వేయకూడని రోజు కోసం. సూది పక్కన పెట్టే రోజుకి సూదితో చేసిన కానుక ఇది. మీలో ఆర్డరు టెన్షన్‌తో రాత్రి పన్నెండు దాకా అల్లేవాళ్ళు ఉన్నారు. నాకు తెలుసు, మెడనొప్పులు, కళ్ళు మసకలు. వారానికి ఒక రోజు సూది ముట్టుకోకూడదని మీ ఇంట్లో ఎవరైనా మీకు చెప్పారా? చెప్పరు. వాళ్ళకి దేవుడే చెప్పాడు.

సరే, మళ్ళీ జ్యూ టౌన్‌కి.

ఆ వీధిలో తాహా ఇబ్రహీం అని ఒక ముస్లిం కుర్రవాడు టూరిస్టులకి పోస్టుకార్డులు అమ్ముకునేవాడు. చదువు మధ్యలో ఆగిపోయింది. జాకబ్ గారు ఆ కుర్రవాణ్ణి చేరదీసి, సరుకు తమ ఇంట్లో పెట్టుకోనిచ్చారు. సారా గారికి మొదట్లో అతను వచ్చిపోవడం అంతగా నచ్చలేదు. తర్వాత తర్వాత కుట్టుపనిలో ఆవిడకి చేతిసాయం అయ్యాడు, దుకాణం చూసుకున్నాడు. 1999లో జాకబ్ గారు పోయారు. అప్పటికి సారా గారికి 80కి దగ్గర. పిల్లలు లేరు, చుట్టాలు దేశం దాటి వెళ్ళిపోయారు. అప్పటి నుంచి 20 ఏళ్ళు తాహానే ఆవిడకి కొడుకు. భోజనం, మందులు, పండగలు, ప్రార్థన వేళలు అన్నీ చూసుకున్నాడు. అతను ముస్లిముగానే ఉన్నాడు, ఆవిడ యూదు స్త్రీగానే ఉన్నారు. ఎవరూ ఎవరినీ మార్చలేదు. ఈ సంగతి పత్రికల్లో వచ్చింది, డాక్యుమెంటరీ కూడా తీశారు.

ఒక్కసారి ఊహించుకోండి. ఒక ముస్లిం యువకుడు, యూదుల టోపీల్ని, రొట్టె గుడ్డల్ని మడత నలగకుండా సర్దుతున్నాడు. ఇది ఏ పండగకి, అది దేని మీద కప్పుతారు, వచ్చిన టూరిస్టుకి వివరంగా చెబుతున్నాడు. ఎవరి ఆచారం అది? అతనిది కాదు. కానీ ఆ వస్తువుల మర్యాద ఏమిటో అతనికి పూర్తిగా తెలుసు. నేను ఫ్రిజ్ మీద పరిచాను అమ్మా. అతను పరిచి ఉండడు.

మీలో ఒకరు మొన్న నన్ను అడిగారు, మన తెలుగువాళ్ళలో యూదులు లేరా టీచరుగారూ అని. ఉన్నారు. గుంటూరు జిల్లాలో చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెం అనే ఊళ్ళో బెనే ఎఫ్రాయిం అని ఒక సమాజం ఉంది. తాము ఇశ్రాయేలు గోత్రాల్లో ఎఫ్రాయిము గోత్రం వాళ్ళమని చెబుతారు. తెలుగే మాట్లాడతారు. 1990ల మొదట్లో ఊళ్ళో చిన్న సమాజమందిరం ఏర్పాటు చేసుకున్నారు. శుక్రవారం సాయంత్రం దీపాలు మన గుంటూరు జిల్లాలోనూ వెలుగుతున్నాయి. మన ఊరి చేతులు అంత చక్కటి లేసు అల్లుతాయి, వాళ్ళ బల్ల మీదకి ఒక గుడ్డ ఎప్పుడైనా ఇక్కడ నుంచి వెళ్తే నాకు ఎంతో సంతోషం. దొరసానులు నేర్పిన లేసు మనదైపోలేదూ? తరతరాలుగా మన అమ్మమ్మల చేతుల్లో మనదైంది.

సారా గారు 2019 ఆగస్టు 30న పోయారు. వయసు 96. ఆ రోజు శుక్రవారం. విశ్రాంతి దినాన అంత్యక్రియలు చేయరు కాబట్టి ఆదివారం దాకా ఆగి, మట్టాంచేరిలోని యూదుల శ్మశానంలో ఖననం చేశారు. దుకాణాన్ని, ఆవిడ వస్తువుల్ని తాహా ఆవిడ జ్ఞాపకంగా నిలిపాడు.

ఇప్పుడు ఈ గుడ్డ మీకు ఇస్తాను. ఆగండి, ఇచ్చే ముందు మధ్యలో ఉన్న అక్షరాలు చూపిస్తాను. మీరు ఎడమ నుంచి చదవకండి, కుడి నుంచి. మొదటి అక్షరం చూడండి, మూడు కొమ్మల దీపస్తంభంలా ఉంది. దాన్ని షిన్ అంటారు. రెండోది బేత్, ఒకవైపు తెరిచి ఉన్న ఇల్లులా ఉంటుంది. మూడోది తావ్. మూడూ కలిస్తే శబ్బత్, విశ్రాంతి దినం. ఈ తావ్ ఎడమ కాలు చూశారా? చివర చిన్న పాదం బయటికి తిరిగింది. ఆ పాదం లేకపోతే అది తావ్ కాదు, హేత్ అనే వేరే అక్షరం అయిపోతుంది, మాటే చెడిపోతుంది. మనకి ‘ప’కి ‘వ’కి ఎంత తేడా? అంతే తేడా. ఆ పాదానికి ఎన్ని కుట్లు ఉన్నాయో నేను లెక్కపెట్టాను, నాలుగు. రెండు పోగుల దారంతో నాలుగు చిన్న కుట్లు.

ఇప్పుడు వెనక్కి తిప్పుతున్నాను. ముందు వరస వాళ్ళకి కనపడుతోంది కదూ? ముళ్ళు లేవు. దారం మొదలూ చివరా కుట్ల కిందకి దూర్చేశారు. ఒక ద్రాక్షపండు నుంచి ఇంకో ద్రాక్షపండుకి దారం ఈడ్చుకుపోలేదు, ప్రతి పండు దగ్గర తెంపి మళ్ళీ మొదలుపెట్టారు. ఇంత శ్రమ ఎందుకు? రొట్టె మీద పడేది ఈ వెనక వైపే. చూసేవాళ్ళకి ముందు వైపు, రొట్టెకి వెనక వైపు.

ఒక్కచోట మాత్రం చూడండి, ఈ మూల గోధుమ కంకి దగ్గర. దారం రంగు కొద్దిగా మారింది. పసుపు లచ్చి అయిపోయినట్టుంది, ఇంకో లచ్చిలో రంగు కలవలేదు. మనందరికీ జరిగేదే కదా.

చేతులు కడుక్కుని పట్టుకోండమ్మా, టీ తాగినవాళ్ళు ముఖ్యంగా. ఈ పక్క వరస నుంచి మొదలుపెట్టి వెనక దాకా పంపండి. పాప చేతికి కూడా ఇవ్వండి, ఫరవాలేదు, అరచేతుల్లో పరిచి చూడనివ్వండి. అందరూ చూశాక ఇక్కడ ఈ బల్ల మీద పెట్టండి. మడత నేను పెడతాను.